బో జెస్ట్: నవల ముందా, మూకీ ముందా, టాకీ ముందా?

రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ పుస్తకం పేరు వినని ఇంగ్లీషు విద్యార్థి తెలుగునాట అరుదు. తరతరాలుగా హైస్కూలు పిల్లల చేతుల్లో నలిగిన పుస్తకం అది. ఇప్పుడు దొరికే ప్రతుల అట్ట మీద దానిని ఎన్. డి. వి. ప్రసాదరావు సవరించినట్లు కూడా కనిపిస్తుంది. ఆ పేరులోని రెన్, ‘బో జెస్ట్’ అనే ఎడారి సాహస నవల రాసిన పెర్సివల్ క్రిస్టఫర్ రెన్ ఒకే మనిషి అన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. 1875లో ఇంగ్లండులో పుట్టిన ఆయన ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో భారతదేశానికి వచ్చి, 1917 వరకు నాటి బొంబాయి ప్రెసిడెన్సీ విద్యాశాఖలో పనిచేశారు. 1924లో వచ్చిన ఈ నవల ఆయనను ప్రపంచమంతటికీ పరిచయం చేసింది. రెండేళ్లు తిరగకుండానే అది మూకీ చిత్రంగా తెరకెక్కింది.

ఈ కథను కొత్తగా పట్టుకోవాలనుకునేవారి ముందు ప్రధానంగా మూడు దారులున్నాయి. ఒకటి, లండన్‌లో జాన్ ముర్రే సంస్థ ప్రచురించిన నవల. రెండు, పారమౌంట్ కోసం హెర్బర్ట్ బ్రెనన్ దర్శకత్వం వహించగా 1926లో విడుదలైన మూకీ. మూడు, అదే సంస్థకు విలియం వెల్మన్ తీయగా 1939లో వచ్చిన టాకీ. 1966లో మరో సినిమా, 1982లో బీబీసీ ధారావాహిక కూడా వచ్చాయి గాని, మొదటిసారి ఈ కథలోకి అడుగుపెట్టేవారు వాటితో మొదలుపెట్టనక్కరలేదని నా అభిప్రాయం. ముఖ్యంగా 1966 నాటి సినిమా ముగ్గురు అన్నదమ్ములను ఇద్దరిగా కుదించి, కథకు ఆయువుపట్టయిన బంధాన్నే పలచబరిచింది.

ఈ మూడింటిలో ఏది గొప్పదన్న చర్చ కన్నా, ఏది ముందు అన్న ప్రశ్నే పాఠకుడికి ఎక్కువ ఉపయోగపడుతుంది. ‘బో జెస్ట్’ పైకి సాహసగాథలా కనిపించినా, లోపల అది ఒక చిక్కుముడి కథ. ఆ ముడి ఎలా విడుతుందో తెలియని స్థితిలో ఒక్కసారి మాత్రమే ఉండగలం. నవల చదివి సినిమా చూసినా, సినిమా చూసి నవల చదివినా, రెండోసారికి ఆ ఉత్కంఠ ఉండదు, వేరే రకమైన ఆనందం మాత్రమే ఉంటుంది. కాబట్టి ఆ మొదటి అనుభవాన్ని దేనికి ఇవ్వాలన్నదే ఇక్కడ తేల్చుకోవలసిన విషయం. అందుకే ఈ వ్యాసంలో ముడిని గురించి చెబుతాను గాని, దానిని విప్పను.

ముడి ఎక్కడ పడుతుంది

సహారా ఎడారిలో జిండర్‌నెఫ్ అనే ఒంటరి కోట ఉంటుంది. ఆ పేరు రెన్ కల్పించినదే. దానిని సహారాలోని ట్వారెగ్ తెగ యోధులు ముట్టడించారన్న కబురు అంది, మేజర్ ద బోజోలే అనే ఫ్రెంచి అధికారి సహాయక దళంతో అక్కడికి చేరుకుంటాడు. కోట గోడల మీద తుపాకీ సందుల దగ్గర సిపాయిలు వరసగా నిలబడి ఉంటారు, జెండా ఎగురుతూ ఉంటుంది, కాని పిలిచినా ఒక్కరూ పలకరు. దగ్గరికి వెళ్లి చూస్తే నిలబడి ఉన్నవారంతా శవాలు. అంతకుముందే కోటలోంచి రెండుసార్లు తుపాకీ పేలింది. లోపలికి వెళ్లి తలుపు తీస్తానని ముందుకొచ్చిన బూరా ఊదే సిపాయి గోడ ఎక్కి లోపలికి దిగి, తిరిగి రాడు. చివరికి బోజోలే తానే లోపలికి వెళ్తాడు. కోట అధికారి లెజోన్ ఛాతీలో ఒక ఫ్రెంచి బాయొనెట్టు దిగి ఉంటుంది. పక్కనే ఒక సిపాయి శవం. అతని కళ్లు ఎవరో మూశారు, చేతులు ఛాతీ మీద ఒద్దికగా పెట్టారు. ఒక నలిగిన ఉత్తరం కూడా దొరుకుతుంది. అందులో ఇంగ్లండులోని ఒక పెద్దింట్లో ‘బ్లూ వాటర్’ అనే నీలం రాయిని తానే దొంగిలించానని ఒకరు ఒప్పుకుని ఉంటారు. మేజర్ బయటికి వెళ్లి వచ్చేసరికి ఆ రెండు శవాలూ కనిపించవు.

ఇక్కడి నుంచి కథ వెనక్కి, ఇంగ్లండులోని బ్రాండన్ ఆబస్ అనే భవనానికి మళ్లుతుంది. తల్లిదండ్రులు లేని మైకేల్, డిగ్బీ, జాన్ అనే అన్నదమ్ములను లేడీ ప్యాట్రీషియా బ్రాండన్ పెంచుతూ ఉంటుంది. మైకేల్‌కే ‘బో’ అన్న ముద్దుపేరు. ఒక రాత్రి అందరూ కూర్చుని ఆ నీలాన్ని చూస్తుండగా దీపాలు ఆరిపోతాయి, మళ్లీ వెలిగేసరికి నీలం మాయం. మర్నాటి నుంచి అన్నదమ్ములు ఒకరి తరవాత ఒకరు, నేరం తనదేనని చెప్పి ఇల్లు విడిచి, ఫ్రాన్సు వారి ఫారిన్ లీజియన్‌లో చేరతారు. 1831లో ఏర్పడిన ఆ దళం ఏ దేశస్థుడినైనా, ఏ పేరు చెప్పినా, అయిదేళ్ల ఒప్పందం మీద చేర్చుకునేది. గతాన్ని దాచుకోవాలనుకునేవారికి అదే ఆకర్షణ.

ఎంపికకు ముందు చూసుకోవలసినవి

మొదటిది, ముడి మీ ముందుకు ఎవరి గొంతుతో రావాలన్నది. నవలలో మనుషులు చెబుతారు, సినిమాలో కెమెరా చూపిస్తుంది. రెండో విషయం ఇంగ్లీషుతో మీకున్న పరిచయం. ఇక్కడ చదివే ఇంగ్లీషునూ వినే ఇంగ్లీషునూ విడివిడిగా అంచనా వేసుకోవాలి, ఎందుకంటే మనలో చాలామందికి మొదటిదానిలో ఉన్నంత చనువు రెండోదానిలో ఉండదు. మూడోది సమయం. నవల ముద్రణను బట్టి 400 పేజీలకు అటూ ఇటూ ఉంటుంది. మూకీ దాదాపు గంటా నలభై నిమిషాలు, టాకీ రెండు గంటలకు కొంచెం తక్కువ. నాలుగోది కథలోని వలస పాలన నాటి దృష్టి. దానిని ఎంతవరకు భరించగలరన్నది మనిషిని బట్టి ఉంటుంది. ఆఖరున, దొరికే ప్రతి నాణ్యత. ఇది నవలకు పెద్ద సమస్య కాదు, మూకీకి మాత్రం ప్రాణసమస్య.

నవల

రెన్ ముడిని రెండు చేతుల మీదుగా అందిస్తారు. మొదటి భాగంలో కోట కథను బోజోలే నైజీరియాలోని కానో నుంచి లాగోస్‌కు వెళ్లే రైల్లో, తనకు పాత మిత్రుడైన జార్జ్ లారెన్స్‌కు చెబుతాడు. లారెన్స్ మధ్యలో ప్రశ్నలు వేస్తాడు, సందేహాలు తీర్చుకుంటాడు, తనకు తోచిన సమాధానాలు చెబుతాడు. పాఠకుడి మనసులో లేచే ప్రశ్నలే లారెన్స్ నోట వస్తుంటే, మనమూ ఆ పెట్టెలో ఎదుటి సీటులో కూర్చుని తర్కిస్తున్నట్లే ఉంటుంది. బ్రాండన్ అన్న పేరు వినగానే లారెన్స్ ఎందుకు ఉలిక్కిపడ్డాడన్నది ఇంకో చిన్న ముడి. ఈ రైలు ప్రయాణం సినిమాలకు ఎక్కలేదు. నవలను ముందుగా చదవడానికి ఉన్న బలమైన కారణాల్లో ఇది ఒకటని నేననుకుంటాను.

రెండో భాగాన్ని ముగ్గురిలో చిన్నవాడైన జాన్ చెబుతాడు. అన్నల మీద అతనికున్న ఆరాధన ప్రతి వాక్యంలోనూ తెలుస్తుంది గాని, దానిని ఎక్కడా పెద్ద మాటల్లో చెప్పడు. అతి కష్టమైన ఘట్టాన్ని కూడా తేలికగా, ఒక ఛలోక్తితో దాటవేయడం ఆ తరం ఇంగ్లీషు కుర్రవాళ్ల పద్ధతి. ఆ పద్ధతికి అలవాటుపడితే, చివరి అధ్యాయాల్లో జాన్ ఏమీ చెప్పకుండా వదిలేసిన చోట గుండె బరువెక్కుతుంది. అలవాటుపడకపోతే అన్నదమ్ముల మధ్య నడిచే ఆ వేళాకోళం, వాళ్ల ఇంటి సంకేత పదాలు, చిన్ననాటి ఆటల పేర్లు విసుగు తెప్పించవచ్చు. నాకు తెలిసి ఈ నవలను మధ్యలో వదిలేసిన తెలుగు పాఠకులు సాధారణంగా ఆగిపోయేది ఎడారి దగ్గర కాదు, బ్రాండన్ ఆబస్ భవనంలోనే.

భాష విషయంలో ఒక మాట చెప్పాలి. గ్రామర్ పుస్తకం రాసిన మనిషి వాక్యం కాబట్టి అది ఎంత పొడవున్నా తప్పు పట్టడానికి వీల్లేనంత కుదురుగా నడుస్తుంది. కథనంలో ఇబ్బంది ఉండదు. ఇబ్బంది సంభాషణల్లో వస్తుంది. ఫ్రెంచి పదాలు, లీజియన్ సిపాయిల యాస, హాంక్, బడ్డీ అనే ఇద్దరు అమెరికన్ల మాటతీరును ఉచ్చారణ ప్రకారం రాయడం వంటివన్నీ చదివే వేగాన్ని తగ్గిస్తాయి. వాటిని పైకి చదువుకుంటే సగం తేలికవుతాయి.

సినిమాలు ఇవ్వలేనిది, నవల మాత్రమే దండిగా ఇచ్చేది లీజియన్ జీవితం. అల్జీరియాలోని సిదీ బెల్ అబ్బెస్ నగరంలో ఉన్న దళ కేంద్రం, అక్కడి బారకాసులు, బట్టలు ఉతుక్కునే గొడవ, రోజుకు చిల్లర డబ్బుల జీతం, ఎండలో అంతూపొంతూ లేని నడకలు, ఆ ఒంటరితనంలో మనుషులకు పట్టే ‘కఫార్’ అనే పిచ్చి, ఇవన్నీ రెన్ ఓపికగా రాస్తారు. తాను లీజియన్‌లో పనిచేశానని ఆయన చెప్పుకునేవారు. దానిని రుజువు చేసే దస్తావేజులు దొరకలేదు. ఏదైనా, చదువుతున్నంతసేపూ ఆ సందేహం మనసులోకి రాదు. కోట ఘట్టం తరవాత నెలల తరబడి సాగే ఎడారి ప్రయాణం కూడా నవలలోనే పూర్తిగా ఉంది. అందులో ఎడారి అంటే ముందు దాహం, ఆ తరవాతే ఇసుక.

మూకీ

1926 నాటి సినిమాలో మైకేల్‌గా రోనల్డ్ కోల్మన్, డిగ్బీగా నీల్ హామిల్టన్, జాన్‌గా రాల్ఫ్ ఫోర్బ్స్, లెజోన్‌గా నోవా బీరీ నటించారు. ఆ రోజుల్లో అది గొప్పగా ఆడింది. ఆ ఏడాది ఫొటోప్లే పత్రిక ఇచ్చే పతకాన్ని కూడా అందుకుంది. తెర మీద మొదట కనిపించేది అరబ్బుల సామెతగా చెప్పే ఒక వాక్యం. స్త్రీ మీద పురుషుడికి ఉండే ప్రేమ చంద్రుడిలా పెరిగి తరుగుతుందని, అన్నదమ్ముల మధ్య ప్రేమ నక్షత్రాల్లా నిలకడగా ఉంటుందని దాని సారాంశం. దర్శకుడు ఏ కథ చెప్పదలచుకున్నాడో ఆ ఒక్క వాక్యంతోనే తేలిపోతుంది. నవలలో సమాన ప్రాధాన్యం ఉన్న దొంగతనపు తర్కం ఇక్కడ కొంచెం వెనక్కి తగ్గి, అన్నదమ్ముల అనుబంధం ముందుకొస్తుంది.

కోట ఘట్టానికి మూకీ అన్న మాధ్యమమే తగినదని నా నమ్మకం. బోజోలేకు ఆ క్షణంలో పనికొచ్చేది చూపు ఒక్కటే. పిలిస్తే జవాబు రాదు, కోట ఏమీ చెప్పదు. శబ్దం లేని సినిమాలో ప్రేక్షకుడి పరిస్థితీ అదే. మూకీలో అంతవరకు మనుషులు కదులుతూ, చేతులు ఆడిస్తూ, ముఖంతోనే మాట్లాడుతూ ఉంటారు. అలాంటి తెర మీద ఒక్కసారిగా ఏ మాత్రం కదలని మనుషుల వరస కనిపిస్తే, కారణం తెలియకముందే ఏదో తేడా ఉందని మనసు పట్టేస్తుంది. గోడ మీది ఒక్కొక్క ముఖాన్ని కెమెరా చూపిస్తున్నప్పుడు వాళ్ల కళ్లలోకి చూడడానికి ధైర్యం చాలదు. అదే ఘట్టాన్ని నవలలో చదివేటప్పుడు బోజోలే తర్కం మనకు తోడుగా ఉంటుంది. ఇక్కడ ఆ తోడు ఉండదు.

కోల్మన్ తరవాతి కాలంలో తన గొంతుతోనే ప్రసిద్ధుడయ్యాడు, ఆ గొంతు ఇందులో వినపడదు. అయినా లోటు తెలియదు. మైకేల్ ఏదో దాస్తున్నాడని, ఆ దాచడం అతనికి భారంగా ఉందని, తమ్ముళ్లను చూసి నవ్విన ప్రతిసారీ తెలుస్తూనే ఉంటుంది. ఇక నోవా బీరీ లెజోన్‌ను మరిచిపోవడం కష్టం. అరుపులు వినిపించకపోయినా, అతడు సిపాయిల వరస ముందు నిలబడే తీరులోనే క్రౌర్యమంతా ఉంది. అంత క్రూరుడూ కోట ముట్టడిలో మంచి యోధుడే. అతని ధైర్యాన్ని చూసి మెచ్చుకోక తప్పని పరిస్థితి అన్నదమ్ములకూ వస్తుంది, మనకూ వస్తుంది. నవలలోని ఈ సంక్లిష్టతను సినిమా జారవిడుచుకోలేదు. బోల్దీనీ అనే టక్కరి సిపాయి పాత్రలో విలియం పవెల్ కనిపిస్తాడు. అతడు తరవాత టాకీల్లో ఎంత నాజూకైన నాయకుడయ్యాడో తెలిసినవారికి ఈ పాత్ర ఆశ్చర్యం కలిగిస్తుంది.

చిత్రీకరణ సహారాలో జరగలేదు. కాలిఫోర్నియా, అరిజోనా సరిహద్దులో యూమా పట్టణం దగ్గరి ఇసుక దిబ్బల మధ్య కోట కట్టి తీశారు. తెర మీద ఆ దిబ్బల విస్తీర్ణం, వాటి మీద చీమలబారులా సాగే సిపాయిల వరస, నీడల పొడవు చూస్తుంటే మనుషులు ఎంత చిన్నవాళ్లో అర్థమవుతుంది. నవలలో చర్మానికి, గొంతుకు తెలిసే ఎడారి ఇక్కడ కంటికి తెలుస్తుంది.

తెలుగు ప్రేక్షకుడికి మూకీలో ఇంకొక అనుకూలత ఉంది, దీనిని సాధారణంగా ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మాటలన్నీ టైటిల్ కార్డుల మీద, చిన్న వాక్యాల్లో వస్తాయి. ఇంగ్లీషు చదవగలిగి, విదేశీ ఉచ్చారణ పట్టుకోవడంలో ఇబ్బంది పడేవారికి ఇంతకన్నా తేలికైన ఇంగ్లీషు సినిమా దొరకదు. కార్డు వచ్చినప్పుడు ఆపి చదువుకోవచ్చు, పక్కన కూర్చున్న పెద్దవాళ్లకో పిల్లలకో తెలుగులో చెప్పవచ్చు, కథ ఏమీ తప్పిపోదు.

లోటుపాట్లూ ఉన్నాయి. నవలలో చాలా పేజీలు తీసుకున్న దొంగతనపు రాత్రి ఇక్కడ త్వరగా ముగుస్తుంది. ఆ గదిలో ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరిని అనుమానించాలి అని ఆలోచించేంత వ్యవధి దొరకదు. లీజియన్ శిక్షణ, ఆ తరవాతి ఎడారి ప్రయాణం బాగా కుదించుకుపోయాయి. జాన్ ప్రేమించిన ఇసోబెల్ పాత్రకు నవలలోనే పెద్ద పని లేదు, సినిమాలో అది మరీ తక్కువ. మూకీలకు అలవాటు లేనివారికి మొదటి పావుగంట నడక నెమ్మదిగా అనిపించవచ్చు. అయితే మొదలయ్యేదే కోట ఘట్టంతో కాబట్టి, ఈ సినిమా ఆ ఓపికను చాలా మూకీల కన్నా తొందరగా సంపాదించుకుంటుంది.

టాకీ

వెల్మన్ సినిమా చాలాచోట్ల మూకీ అడుగుజాడల్లోనే నడిచింది. కోటను మళ్లీ యూమా దగ్గరి ఇసుకలోనే నిలబెట్టారు. గ్యారీ కూపర్, రే మిలండ్, రాబర్ట్ ప్రెస్టన్ అన్నదమ్ములు. లెజోన్ పాత్ర ఇందులో మార్కాఫ్ అన్న రష్యన్ పేరుతో వస్తుంది. ఆ పాత్రకు బ్రయన్ డాన్లెవీ ఆస్కార్ సహాయనటుల పోటీలో నామినేషన్ పొందాడు, దానికి అన్ని విధాలా అర్హుడు. ఈ సినిమాలో నాకు బాగా నచ్చే అంశాలు రెండు. మొదటిది, కోట మౌనం. శబ్దానికి అలవాటుపడిన చెవికి, పిలుపు వెళ్లి జవాబు రాకుండా గాలి చప్పుడు మాత్రమే మిగలడం బలంగా తాకుతుంది. ఈ ఒక్క ప్రభావం మూకీకి సాధ్యం కాదు. రెండోది అన్నదమ్ముల చిన్నతనం. బొమ్మ పడవను తగలబెట్టి పాతకాలపు వైకింగ్ వీరుడికి అంత్యక్రియలు జరిపే ఆట మూడు రూపాల్లోనూ ఉన్నా, ఇక్కడ ఆ పిల్లల నోటి నుంచి వినేటప్పుడు ఎక్కువ కాలం మనసులో నిలుస్తుంది.

కూపర్‌ను ఇంగ్లీషు జమీందారీ కుర్రవాడిగా నమ్మడానికి మాత్రం కొంచెం సర్దుకోవాలి, మాటతీరు పూర్తిగా అమెరికన్. సంభాషణలు వేగంగా సాగుతాయి కాబట్టి సబ్‌టైటిళ్లు ఉన్న ప్రతి చూసుకోవడం మంచిది.

ఒకచోట చూస్తే

| చూడవలసిన అంశం | నవల (1924) | మూకీ (1926) | టాకీ (1939) |
|---|---|---|---|
| ముడి అందే తీరు | ఇద్దరు కథకులు, తర్కం ఎక్కువ | కెమెరా కంటితో, వివరణ తక్కువ | మూకీ తీరులోనే, మాటలతో |
| ఇంగ్లీషు కష్టం | కథనం తేలిక, సంభాషణలు కష్టం | అన్నింటికన్నా తేలిక | వినికిడి అలవాటు కావాలి |
| లీజియన్ జీవితం | సమగ్రం | క్లుప్తం | క్లుప్తం |
| ఎడారి | దాహంగా, అలసటగా | విస్తీర్ణంగా, వెలుగునీడలుగా | విస్తీర్ణంగా, గాలి చప్పుడుగా |
| ప్రతినాయకుడు | లెజోన్, లోతైన చిత్రణ | నోవా బీరీ, భయం పుట్టించే ఉనికి | డాన్లెవీ మార్కాఫ్, మాటల్లో పదును |
| ప్రతి నాణ్యత చిక్కు | లేదు | చాలా ఉంది | స్వల్పం |

నాటి దృష్టి గురించి

దీనిని పట్టికలో ఒక గడికి కుదించడం న్యాయం కాదు. ఫ్రాన్సు 1830లో అల్జీరియా ఆక్రమణ మొదలుపెట్టి, క్రమంగా సహారా లోపలికి చొచ్చుకుపోయింది. ఆ పనికి ముఖ్యమైన ఆయుధాల్లో లీజియన్ ఒకటి. కథలో ట్వారెగ్‌లు తమ నేల మీద తాము పోరాడుతున్నవారు, కాని మూడు రూపాల్లోనూ వారికి గొంతు లేదు. దిబ్బల మీద నుంచి వచ్చిపడే ప్రమాదంగానే వారిని చూపించారు. నవలలో దీనికి తోడు జాతులను బట్టి మనుషుల గుణాలు తేల్చేసే వ్యాఖ్యలు అక్కడక్కడా ఉన్నాయి. ఇటాలియన్లు, పోర్చుగీసువారు, యూదులు, ఆఫ్రికన్లు ఎవరూ తప్పించుకోలేదు. రెన్ లీజియన్ అధికారుల క్రూరత్వాన్ని నిర్మొహమాటంగా చూపిస్తారు గాని, లీజియన్ అక్కడ ఎందుకున్నదన్న ప్రశ్న వేయరు. వలస పాలన కింద బతికిన తరాల వారసులుగా మనకు ఆ ప్రశ్న పేజీపేజీకీ ఎదురవుతుంది.

ఇందువల్ల కథను పక్కన పెట్టేయాలని నేననను. ఏ రూపంలో ఎంత ఎదురవుతుందో తెలిసి వెళ్లడం మంచిది. నవలలో కథకుడి వ్యాఖ్యల రూపంలో ఎక్కువగా ఎదురవుతుంది. మూకీలో మాటలే తక్కువ కాబట్టి వ్యాఖ్యలూ తక్కువ, ట్వారెగ్‌ల మౌనం మాత్రం అలాగే ఉంటుంది. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలతో కలిసి ఈ కథను పంచుకోవాలనుకునే తల్లిదండ్రులు మూకీతో మొదలుపెట్టి, కోట అవతల ఉన్నవాళ్లు ఎవరు, ఎందుకు పోరాడుతున్నారని పిల్లలతో మాట్లాడడం మేలు. పిల్లలే ఆ ప్రశ్న ముందుగా అడుగుతారు.

ఎవరికి ఏది

డిటెక్టివ్ కథలు ఇష్టపడి, పేజీ పేజీకీ ఊహాగానాలు చేసుకుంటూ చదివేవారు నవలతోనే మొదలుపెట్టాలి, ఇందులో నాకు సందేహం లేదు. ముడికి వెనక ఉన్న కారణాన్ని రెన్ ఎంత పకడ్బందీగా దాచారో, మొదటి పేజీల్లోనే ఎన్ని ఆనవాళ్లు వదిలారో సినిమా చూసి వచ్చినవారికి తెలుస్తుంది గాని, కనిపెట్టిన ఆనందం వారికి దక్కదు. ఇంగ్లీషు నవలలు చదివే అలవాటు ఉన్నా సమయం తక్కువగా ఉన్నవారికీ ఇదే చెబుతాను. వారానికి రెండు అధ్యాయాలు చదివినా ఉత్కంఠ సడలని నిర్మాణం ఇది.

సినిమా ఎలా కథ చెబుతుందన్న దాని మీద ఆసక్తి ఉన్నవారు, దర్శకత్వమో ఛాయాగ్రహణమో నేర్చుకుంటున్నవారు మూకీ ముందుగా చూసి, వెంటనే టాకీలో మొదటి ఇరవై నిమిషాలు చూడాలి. ఒకే కోట, ఒకే ఘట్టం, దాదాపు ఒకే రకమైన ఇసుక. మధ్యలో పదమూడేళ్ల కాలంలో శబ్దం వచ్చి చేరింది. దానివల్ల ఏ పని తేలికైంది, ఏ పని కష్టమైంది అన్నది ఇంత స్పష్టంగా చూపించే జంట అరుదు.

ఒక్క సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని సాహస చిత్రం చూడాలనుకునేవారికి, అందులో మూకీ అంటే ఓపిక పట్టలేనివారు ఉంటే, టాకీ సరిపోతుంది. దానిలో తక్కువదనమేమీ లేదు. అయితే ఆ తరవాత నవల చదివే ఉద్దేశం ఏ మాత్రం ఉన్నా కొంచెం ఆగి ఆలోచించండి, ముడి అక్కడితో విడిపోతుంది.

ఎటూ తేల్చుకోలేనివారు నవలలో బోజోలే చెప్పే మొదటి అధ్యాయం ఒక్కటే చదివి చూడండి. ఒక పూట పని. ఆ రైలు పెట్టెలోని సంభాషణ సరదాగా అనిపించి, తరవాతి అధ్యాయం వైపు చేయి దానంతట అదే వెళితే నవలనే కొనసాగించండి. కోటలో ఏం జరిగిందో ఈ రాత్రికే తెలియాలన్న ఆత్రుత మాత్రమే మిగిలితే, పుస్తకం మూసి మూకీ పెట్టండి. సినిమా కూడా ఆ కోట దగ్గరే మొదలవుతుంది కాబట్టి మీరు ఆగిన చోటి నుంచే కథ అందుకుంటుంది.

దొరికే ప్రతుల గురించి

రెన్ 1941లో మరణించారు. మన దేశంలో రచయిత మరణించిన తరవాత 60 ఏళ్ల వరకే హక్కులు ఉంటాయి కాబట్టి నవల ఎప్పుడో అందరిదీ అయింది. ఇంటర్నెట్‌లో ఉచితంగా, చట్టబద్ధంగా చదువుకోవచ్చు. అచ్చు ప్రతి కొనేటప్పుడు మాత్రం సంక్షిప్త ముద్రణ కాదని చూసుకోండి. పిల్లల కోసం కుదించిన ప్రతుల్లో మొదటగా పోయేది బోజోలే, లారెన్స్‌ల సంభాషణే.

మూకీ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. అమెరికాలో దాని హక్కులు 2022 నుంచి లేవు కాబట్టి రకరకాల ప్రతులు తిరుగుతున్నాయి. మసకబారిన నకలుకు నకలు తీసిన ప్రతిలో గోడ మీది ముఖాలు తెల్లని మచ్చల్లా కనిపిస్తాయి. ఆ ప్రతి చూసి సినిమా బాగోలేదనుకోవడం దానికి అన్యాయం చేసినట్లే. మూడు విషయాలు చూసుకోండి. నిడివి గంటన్నర కన్నా బాగా తక్కువ ఉంటే అది కత్తిరించిన ప్రతి అయి ఉండవచ్చు. మనుషుల నడక గెంతుతున్నట్లు, చేతులు కీలుబొమ్మల్లా ఆడుతున్నట్లు ఉంటే వేగం తప్పు పెట్టారన్నమాట. ఇక ధ్వని. మూకీలను ఆ రోజుల్లో సాధారణంగా నిశ్శబ్దంగా ప్రదర్శించేవారు కాదు, థియేటర్లలో పియానో గాని వాద్యబృందం గాని తోడుగా ఉండేది. ఈ చిత్రానికి హ్యూగో రీసెన్‌ఫెల్డ్ సంగీతం కూర్చారు. సంగీతం లేని ప్రతి దొరికితే ఇంకొకటి వెతకండి, ఏదో ఒక పాత రికార్డు తగిలించిన ప్రతి కన్నా ఘట్టాన్ని అనుసరించి పియానో వాయించిన ప్రతి ఎంతో మెరుగు.

కథ నచ్చినవారికి రెన్ రాసిన ప్రధానమైన కొనసాగింపులు రెండున్నాయి, 1926లో ‘బో సాబ్రూర్’, 1928లో ‘బో ఐడియల్’. మొదటిదానిలో బోజోలే మళ్లీ కనిపిస్తాడు. కాని రెండింటిలోనూ మొదటి నవల ముగింపును బయటపెట్టే ప్రస్తావనలు ఉన్నాయి, అందుకని ‘బో జెస్ట్’ను ఏదో ఒక రూపంలో చివరిదాకా పూర్తి చేశాకే వాటి జోలికి వెళ్లండి.